సద్దిమూటలతో పరిగెత్తిన గుంపు

సాయంత్రాలు మా అపార్ట్‌మెంట్ కింద నడకకు దిగే సాఫ్ట్‌వేర్ పిల్లలది ఈ మధ్య ఒకటే పాట. "ఈ సిటీలో ఉండలేం అంకుల్, ఏదైనా చిన్న ఊరికి పోయి ఇంట్లోంచే పని చేసుకుంటాం" అంటారు. అన్న నోటితోనే ఫోన్ తీసి ఈ సిటీ అంచునే ఉన్న గోపన్‌పల్లిలో కొత్తగా లేస్తున్న ఫ్లాట్ల బొమ్మలు చూపించి ఎలా ఉన్నాయని అడుగుతారు. దూరపు కొండలు నునుపు అని పెద్దలు ఊరికే అనలేదు. అయినా నేను వాళ్లను వెక్కిరించను. ఆ కొండల కోసం ఒకప్పుడు ఏటేటా అర్జీ పెట్టుకున్నవాణ్ణి నేను. ఆ అర్జీ ఏమైందో ఒకరోజు బెంచీ మీద కూర్చుని చెబితే, "ఇది రాయండి అంకుల్" అన్నారు. పోలీసువాడి రాత ఎవరూ అడిగి మరీ చదవరు. అడిగారు కాబట్టి రాస్తున్నాను.

తొంభైల చివరి మాట. అప్పుడు నేను కానిస్టేబుల్‌ని. ఉద్యోగంలో చేరింది మొదలు పట్నం లోపలి స్టేషన్లలోనే పనిచేశాను. ఊరేగింపులు, బందోబస్తులు, రాళ్లు పడే సందులు, కర్ఫ్యూలు. అక్కడ ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు గానీ ఒక సంగతి మాత్రం ఒంటికి పట్టేసింది. జనం పరిగెత్తుతున్నారంటే ముందు అడ్డం పడాలి, ఎందుకని తర్వాత అడగాలి. ముందే అడగబోయినవాళ్ల తలలు పగలడం మేం చూశాం. అందుకే మా కాళ్లు మా బుర్రల అనుమతి తీసుకోవడం మానేశాయి.

మా ఆవిడది వనపర్తి. నాది ఆ పక్క పల్లె. కర్ఫ్యూ పెట్టారంటే నేను ఎప్పుడు ఇంటికొస్తానో నాకే తెలియదు. ఇంట్లో ఫోన్ లేదు. ఆమె వాకిట్లో బూటు చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేది. వనపర్తికి బదిలీ పెట్టించుకోమని ఆమె పోరు.

"ఆడనైతె నువ్వు ఇంటికి రాకున్నా యాడున్నవో కిరాణం సేటు జెప్తడు. ఈడ పక్కింటోనికి గూడ మన పేరు తెల్వది. నీకేమన్నా అయితే నేను పేపర్ల జూసి తెలుసుకోవాలె" అనేది.

చిన్న ఊరంటే ఆమెకు చెట్టూ చేమా కాదు, గాలీ వెలుతురూ కాదు. నలుగురికీ తెలిసి బతకడం. ఆ బదిలీ మీద ఆశతో ఆమె బరువైన సామాను ఏదీ కొననిచ్చేది కాదు. మంచం అడిగితే, "మళ్ల లారీల ఎక్కియ్యాలె గద, చాపలు మంచిగనే ఉన్నయి" అనేది. చాపల మీదే ఏళ్లు గడిచాయి, పిల్లలూ పెరిగారు.

వనపర్తి రాలేదు గానీ, ఒక ఏడు నన్ను పట్నానికి పడమట, కొండాపూర్ వైపు వేశారు. ఇప్పుడు అద్దాల మేడలు తప్ప ఆకాశం కనపడని చోటే. అప్పుడక్కడ ఆకాశం, దాని కింద గుండ్లు. పేర్చినట్టు, దొర్లించినట్టు, ఇప్పుడో ఇంకాసేపటికో పడేటట్టు కొండంత నల్లరాతి గుండ్లు. వాటి సందుల్లో సీతాఫలం పొదలు. పొద్దున్నే సైకిల్ మీద స్టేషన్‌కి వెళ్తుంటే చక్రానికి అడ్డంగా కౌజుపిట్టలు పిల్లలతో సహా పరిగెత్తేవి. సైబరాబాద్ అనే మాట పేపర్లలో మాత్రమే చదివేవాళ్లం. ఊళ్లో ఆ మాట నోరు తిరిగినవాడు ఒక్కడూ లేడు.

స్టేషన్ ఒక కిరాయి ఇంట్లో ఉండేది. లాకప్ అని మేం పిలుచుకునే గదిలో ఇంటి ఓనరు చింతపండు బస్తాలు ఉండేవి. దొంగ దొరికితే ముందు బస్తాలు బయటపెట్టాలి. దొంగే మాకు ఒక చెయ్యి వేసేవాడు. కేసులంటే మేక పోయిందని, గట్టు జరిపాడని, స్టేషన్ బాత్రూంలో పాము దూరిందని. పట్నంలో లాఠీ పట్టి పట్టి కాయలు కాచిన నా చేతులు అక్కడ మళ్లీ మెత్తబడ్డాయి. ఇంత హాయికి కూడా జీతం ఇస్తారా అని భయమేసేది.

కొండాపూర్‌లో కిరాయికి ఇల్లు తీసుకున్నాం. ఇంటి వెనక రాళ్లు కొట్టేవాళ్ల గుడిసెలు. అందరూ పాలమూరు జిల్లావాళ్లు. వాళ్ల మేస్త్రి ఒక బక్కపలచని మనిషి. గొంతు మాత్రం మూడు ఊళ్లకు వినపడేది. మా వనపర్తికి దగ్గర్లోని పెబ్బేరు పక్క పల్లె వాళ్లది. మేస్త్రి పెళ్లాం, మా ఆవిడ బోరింగ్ దగ్గర కలుసుకున్న మొదటి రోజే ఎవరి మేనత్త ఏ ఊరికిచ్చారో తేల్చేసుకుని, "అక్కా" అంటే "అక్కా" అనుకోవడం మొదలుపెట్టారు. ఇంకేం, చిన్న ఊరు మన దగ్గరికే వచ్చిందిగా, ఇక వనపర్తి మాట మర్చిపోవచ్చుగా అన్నాను ఒకరోజు. ఆమె గుండ్ల అవతల కనపడుతున్న క్రేన్ల వైపు చూపించింది.

"ఇది ఊరు లెక్క కనవడుతది గనీ ఊరు గాదయ్యా. రేపు పట్నమే ఈడికి ఒస్తది. నువ్వైతె కాయిదం వెట్టుడు ఆపకు."

ఆమె మాట వినకపోతే నాకు అన్నం సహించదు. ఆ ఏడు కూడా అర్జీ పెట్టాను. అది మా సర్కిల్ ఇన్‌స్పెక్టర్ టేబుల్ దాకా వెళ్లి ఆగింది.

ఆ క్రేన్ల కింద మేడలు లేస్తుంటే, చుట్టూ రోడ్ల కోసం గుండ్లను పేల్చి చదును చేసేవాళ్లు. రాతికి రంధ్రాలు తొలిచి, మందు కూరి, వత్తి అంటించేవాళ్లు. రోజూ మధ్యాహ్నం భోజనాల వేళకే పేల్చేవాళ్లు. మేస్త్రి ఎర్రగుడ్డ ఊపి కేక పెట్టగానే కూలీలంతా చేతిలో ఉన్నవి ఉన్నట్టు పట్టుకుని, రోడ్డు దాటి, ఏనుగు గుండు వెనక్కి చేరేవాళ్లు. ఏనుగు కూర్చున్నట్టుండే పెద్ద బండ అది. అక్కడే సద్దిమూటలు విప్పేవాళ్లు. మొదటిసారి చూసినప్పుడు నేను లాఠీ తీసుకుని వాళ్లకు అడ్డం వెళ్లాను. మేస్త్రి నన్ను చెయ్యి పట్టి లాక్కుపోయి గుండు వెనక కూర్చోబెట్టాడు. ఆ తర్వాత చాలా రోజులు నన్ను చూసినప్పుడల్లా వాళ్ల ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు.

ఒక వారం అంత నవ్వులాటగా గడవలేదు. రాయి దొర్లి ఒక ఆడకూలీ కాలు నుజ్జయింది. కాంట్రాక్టర్ మనుషులు ఆమెను సర్కారు దవాఖానలో దింపి మళ్లీ మొహం చూపించలేదు. కూలీలు రోడ్డు మీద కూర్చున్నారు. తోపులాటలో కాంట్రాక్టర్ జీపు అద్దం పగిలింది. మేస్త్రి ముందు నిలబడి మాట్లాడాడు కాబట్టి అందరి నోళ్లలో అతని పేరే నానింది. సరిగ్గా ఆ వేడి మీదే, ఎవరో పెద్దవాళ్లు పరదేశపు అతిథులను వెంటబెట్టుకుని మేడలు చూడ్డానికి వస్తున్నారని కబురు. బందోబస్తుకు పట్నం నుంచి ఒక ప్లటూన్ దిగింది. లాఠీలు, బెత్తంతో అల్లిన షీల్డులు, కొన్ని తుపాకులు.

ప్లటూన్‌తో వచ్చిన ఎస్సై కోస్తా వైపు మనిషి. కనుబొమ్మ మీద కుట్ల మచ్చ. పట్నంలో ఏదో గొడవలో రాయి తగిలిందట. మంచివాడే, నాతో టీ పంచుకున్నాడు. దారులు చూపించడానికి నన్ను ఆయన పక్కన వేశారు. "ఇక్కడి జనం ఎలాంటివాళ్లయ్యా?" అని అడిగాడు. "పాపం, కష్టజీవులు సార్" అన్నాను. "అందరూ కష్టజీవులేనయ్యా, రాయి చేతిలోకి వచ్చేదాకా" అన్నాడు మచ్చ తడుముకుంటూ. ఆ మాట తప్పు కాదు. అలాంటి మచ్చ నా మోకాలి మీదా ఉంది.

అతిథులు వచ్చే రోజు మధ్యాహ్నం పేలుళ్లు వద్దని కాంట్రాక్టర్‌కి ముందే చెప్పారు. కానీ రంధ్రాల్లో మందు కూరేశారు. అలా వదిలితే ప్రమాదం. అందుకని కాంట్రాక్టర్ మనిషి పొద్దున్నే పేల్చేసి చేతులు దులుపుకుందామనుకున్నాడు. మేస్త్రికి చెప్పాడు గానీ మాకు చెప్పలేదు. పోలీసులకు చెబితే అదీ వద్దంటారని భయం కావచ్చు.

ఆ పొద్దున మేం రోడ్డు మీద వరుసగా నిలబడి ఉన్నాం. మొహాలు పని జరిగే వైపు. మా వీపుల వెనక కొంచెం దూరంలో ఏనుగు గుండు. ఉన్నట్టుండి రాళ్ల మధ్య నుంచి కేకలు. వందలమంది మా మీదకు పరిగెత్తుకొస్తున్నారు. చేతుల్లో గడ్డపారలు, సుత్తులు.

"లైన్ హోల్డ్!" అని అరిచాడు ఎస్సై. లాఠీలు లేచాయి. తుపాకులున్నవాళ్లను మోకాళ్ల మీదకు దిగమన్నాడు. తుపాకీ గడియ పడ్డ చప్పుడు నాకు చెవి పక్కనే వినపడింది. నా చేతిలో లాఠీ కూడా లేచే ఉంది, నేను లేపినట్టు గుర్తులేదు.

అప్పుడు చూశాను. కొట్టడానికి వచ్చేవాడు మన కళ్లలోకి చూస్తాడు. వీళ్లు మా వైపు చూడటం లేదు. పరిగెత్తుతూనే వెనక్కి తిరిగి ఆకాశంలోకి చూస్తున్నారు. ఆడవాళ్ల చంకల్లో పిల్లలు, చేతుల్లో సద్దిమూటలు. కొట్లాటకొచ్చే గుంపు గొడ్డలి తెచ్చుకుంటుంది గానీ జొన్నరొట్టె తెచ్చుకోదు.

"సార్, వీళ్లు మన మీదికి వస్తలేరు సార్! దారియ్యాలె!"

"నోర్మూసుకుని లైన్‌లో నిలబడవయ్యా!"

లైన్ విడవడమంటే పోలీసు ఉద్యోగంలో చిన్న తప్పు కాదు. తుపాకుల ముందుకు వెళ్లడం ఉద్యోగంతో పోయే సంగతీ కాదు. నాకు మా ఆవిడ గుర్తొచ్చింది, పేపర్లో చూసి తెలుసుకోవాలన్న మాట గుర్తొచ్చింది. అయినా కాళ్లు ముందుకు పడ్డాయి. జనానికి వీపు పెట్టి, మా వాళ్లకెదురుగా నిలబడి, గొంతు చిరిగిపోయేలా అరిచాను.

"పేలుతది! పేలుతది!"

జిల్లాల్లో నక్సలైట్ల మందుపాతరలకు పోలీసు జీపులు గాల్లోకి లేస్తున్న కాలం అది. ఆ మాట రెండోసారి చెప్పించుకునే పోలీసు రాష్ట్రంలో లేడు. ప్లటూన్ ప్లటూన్ అంతా, ఎస్సైతో సహా, నేర్పినట్టే నేల మీద బోర్లా పడుకున్నారు. నేను అనుకున్నది వాళ్లు పక్కకు తప్పుకుంటారని. నడిరోడ్డు మీద చాప పరిచినట్టు పరుచుకుంటారని అనుకోలేదు.

మందుపాతర కింద నుంచి పేలుతుంది కాబట్టి పడుకోవాలి. గుండు పేలితే రాళ్లు పైనుంచి పడతాయి. పడుకున్నవాడి వీపు మీదే పడతాయి. మేస్త్రి ఆ దృశ్యం చూసి ఒక్క క్షణం బిత్తరపోయాడు. ఆ తర్వాత అతని గొంతు లేచింది.

"పండుకుంటె సస్తరు సార్లూ! లేవుండ్రి! గుండు ఎనుకకు ఉరుకుండ్రి! ఏయ్, లేపుండ్రిరా ఆళ్లను!"

కూలీలు గడ్డపారలు కింద పడేసి పోలీసులను లేపారు. రెక్క పట్టుకుని ఒకడు, నడుం బెల్టు పట్టుకుని ఒకడు, కాలర్ పట్టుకుని ఒకడు. అదే కాలర్ వారం క్రితం పట్టుకుని ఉంటే కేసయ్యేది. ఆ తోసుకోవడంలో ఎవరు ఎవరిని ఈడుస్తున్నారో తెలియలేదు. ఏనుగు గుండు వెనక అందరికీ చోటు చాల్లేదు. అంచున పిల్లలున్నారు. నేను మా వాళ్ల చేతుల్లోంచి షీల్డులు లాగి ఆడవాళ్లకిచ్చాను. ఒక్కో షీల్డు కింద ఒక పోలీసు, ఒక కూలీ, ఒకరిద్దరు పిల్లలు, వేడివేడి ఊపిర్లు.

అప్పుడు పేలింది. కాళ్ల కింద నేల ఎగిరింది. ఆ తర్వాత రాళ్లు షీల్డుల మీద వడగళ్లలా టపటపమన్నాయి. దుమ్ములో కళ్లు విప్పితే మా ఎస్సై గుండుకు ఆనుకుని గొంతుక్కూర్చుని ఉన్నాడు. టోపీ ఎక్కడ పోయిందో పోయింది. నెత్తిన మట్టి మోసే ఇనప తట్ట. మేస్త్రి పెళ్లాం దాన్ని రెండు చేతులా అదిమి పట్టుకుని ఉంది.

"అయిపాయె సార్, ఇగ తియ్యనా?" అంది.

ఎవరో నవ్వారు. ఒక పోలీసే అనుకుంటాను. నవ్వు అటూ ఇటూ పాకింది. ఒక పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. ఎవరికీ చిన్న గాయం కూడా తగల్లేదు. రోడ్డు మీద మా వాళ్లు బోర్లా పడుకున్న చోట రాళ్లు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వాటిలో తలకాయంతవీ ఉన్నాయి.

కథ ఇక్కడితో అయిపోవాల్సింది. కానీ దుమ్ము చూసి అతిథుల కార్లు వెనక్కి మళ్లాయి. పైనుంచి ఫోన్ మీద ఫోన్. లైన్ ఎందుకు చెదిరింది, షీల్డులు కూలీల చేతుల్లోకి ఎలా వెళ్లాయి? వెళ్లిపోతున్న కార్లలోంచి ఎవరో చూశారట. మా సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నన్ను పిలిపించాడు. కాంట్రాక్టర్ తప్పు రాస్తే పెద్దవాళ్లకు కోపం. ప్లటూన్ బోర్లా పడుకుందని రాస్తే డిపార్ట్‌మెంట్‌కు పరువు తక్కువ. మిగిలింది కూలీలే. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, మేస్త్రి మీదికి వచ్చింది వ్యవహారం.

"గుంపు మీద పడి షీల్డులు గుంజుకున్నదని స్టేట్‌మెంట్ ఇయ్యి. మేస్త్రి ముందుండి చేయించిండని చెప్పు. లోకల్ కానిస్టేబుల్‌వి, నీ మాట నిలుస్తది" అన్నాడు. తర్వాత టేబుల్ మీద ఒక కాగితం వేలితో ముందుకు జరిపాడు. నా బదిలీ అర్జీ. "వనపర్తి గదా? రేపే పైకి పంపుతా. పిల్లలు గిట్ల హాయిగ చదువుకుంటరు. పొద్దున రా, ఆలోచించుకొని."

ఆ పూట ఇంటికి వెళ్లి మా ఆవిడతో ఈ మాట చెప్పలేదు. చెబితే ఆమె ఏమంటుందోనని కాదు, చెప్తే ఆ కళ్లలో వెలిగే ఆశ చూసి నేను సంతకం పెట్టేస్తానని భయం. చాప మీద పడుకుని వనపర్తి బజారు అంతా మనసులో తిరిగాను. ప్రతి దుకాణం ముందూ ఆగాను. ఎంత బాగుందో ఆ ఊరు!

పొద్దున ఇన్‌స్పెక్టర్ గదిలో ఎస్సై కూడా ఉన్నాడు. ఆయన అడక్కముందే చెప్పాను.

"షీల్డులు వాళ్లు గుంజుకోలేదు సార్. నేనే ఇచ్చిన."

"సర్కారు సొత్తు కూలోళ్ల చేతికి ఇచ్చినవా?"

"ఇచ్చిన సార్. పిల్లలున్నరు."

ఇన్‌స్పెక్టర్ ఎస్సై వైపు తిరిగాడు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా, ఒక్క మాటతో నా మాట కొట్టేయొచ్చు. ఎస్సై మచ్చ తడుముకున్నాడు.

"నేను ఇంకొక్క క్షణంలో ఫైరింగ్ ఆర్డర్ ఇచ్చేవాణ్ణండి" అన్నాడు. "ఒకావిడ తన తట్ట తెచ్చి నా నెత్తిన పెట్టిందండి. ఆవిడ బిడ్డ పక్కనే ఉంది. బిడ్డ నెత్తికి ఏమీ లేదు. నేను అది చూశానండి. ఆ మేస్త్రి మీద కేసు రాయమంటే నా చెయ్యి రాదు."

కేసు రాయలేదు. మా ఇద్దరికీ మెమోలు వచ్చాయి. ఆయన్ను వెంటనే పట్నం పంపేశారు, వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేశాడు. మళ్లీ కలవలేదు. నా అర్జీ మీద సిఫారసు చేయడం లేదని రాసి వెనక్కి ఇచ్చారు. ఇక సర్వీసున్నంత కాలం ఆ దారి మూసుకుపోయినట్టేనని పాతవాళ్లు చెప్పారు. వాళ్లు చెప్పినట్టే అయింది. రిటైరై ఈ మియాపూర్ ఫ్లాట్‌లోనే ఉన్నాం.

అర్జీ వెనక్కి ఇచ్చిన ఆ సాయంత్రం ఇంటి దారిలో సైకిల్ దిగి నడిచాను. వచ్చే ఏడు మళ్లీ పెడతాననీ, ఆ ఇన్‌స్పెక్టర్ మారతాడనీ, ఇంకా చాలా అబద్ధాలు కూడబలుక్కున్నాను. ఆమె గడపలో కూర్చుని ఉంది.

"కాయిదం ఎనుకకిచ్చిండట గద?"

"నీకెవరు చెప్పిన్రు?"

"బోరింగ్ కాడ అందరికి తెల్సు. సంతకం వెడితె పంపుతుండెనంట."

నేను కూడబలుక్కున్న మాటలు మొదలుపెట్టబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు సంతకం వెట్టి నన్ను వనపర్తి తోల్కపోతివే అనుకో. ఒక శనివారం పెబ్బేరు సంతల మేస్త్రి తల్లి ఎదురొస్తది. నా కొడుకును జేల్ల ఏయించింది మీ ఇంటాయనే గద బిడ్డా అంటది. నేనేమనాలె? చిన్నూరయ్యా అది. ఆడ మొఖం దాసుకొని బతకరాదు. గందుకే గద నాకు ఆ ఊరంటే పానం. గట్ల పొయ్యేదానికి ఆ ఊరెందుకు నాకు?"

ఈ మాట స్థిరంగానే అంది. ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వనపర్తి కోసమే ఏడ్చింది. ఇక ఆ ఊళ్లో తన కాపురం ఉండదని ఆమెకు ఆ పూట తెలిసిపోయింది. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. కానీ ఆ ఏడుపులో నా మీద కోపం ఎక్కడా లేదు. నా ఉద్యోగ జీవితం మొత్తంలో నేను సంపాదించింది ఏమైనా ఉంటే అదే.